చేతికర్ర పట్టీ

మూడో ట్యూబు కూడా బుస్సుమనేసరికి మెకానిక్కు చేతిలోని ఇనపపట్టెను విసిరికొట్టాడు. అది గోడకు తగిలి వచ్చి అతని కాలి మీదే పడింది. ఇనుముకు కూడా అలుసైపోయానని ఏడుపొచ్చినంత పనైంది.

మామగారి పాతకాలపు కారు మూడు చక్రాల మీదా, ఒక జాకీ మీదా నిలబడి ఉంది. పన్నెండుకల్లా పాతకార్ల ఊరేగింపులో ఉండాలి. ఇరవై ఏళ్లుగా దాన్ని పెద్ద గ్యారేజీకే పంపిన మనిషి, కూతురి పోరు పడలేక ఈసారి అల్లుడికి అప్పగించాడు. ఇది చెడితే ఆ తాళంచెవి మళ్లీ తన చేతికి రాదు.

టైరు లోపల తడిమాడు. మేకు లేదు, ముల్లు లేదు. ట్యూబుకు పౌడరు రాశాడు, మెలిక పడకుండా కాస్త గాలి నింపే దూర్చాడు. మొదటి రెంటినీ కనీసం నీళ్లలో ముంచి చూడకుండానే నాసిరకమని మూలన పడేశాడు. పనిలో పనిగా పెద్ద గ్యారేజీవాళ్లనూ తిట్టుకున్నాడు.

భార్య తొంగిచూసింది. "నాన్న తయారై కూర్చున్నారు. ఇంకెంతసేపంటే ఏం చెప్పను?"

"మీ నాన్ననే వచ్చి ఊదమను."

మిగిలింది ఈ ఒక్క ట్యూబే. దీన్ని నీళ్లతొట్టిలో ముంచాడు. బుడగలు టైరు వైపు నుంచి కాదు, రిమ్ము వైపు నుంచి వరసగా వస్తున్నాయి. రిమ్ములోకి చూస్తే స్పోకుల మొనలు బోసిగా మెరుస్తున్నాయి. వాటిని కప్పాల్సిన రబ్బరు పట్టీ లేదు.

అదెక్కడుందో అతనికి గుర్తొచ్చింది. పోయిన నెల చక్రాలు విప్పి రంగు వేసినప్పుడు, మేకుకు వేలాడుతున్న పట్టీని పనికిరాని రబ్బరనుకుని కోసి, మామగారి చేతికర్ర జారకుండా పిడికి చుట్టి ఇచ్చాడు. "నీకు బుర్ర ఉందయ్యా" అన్నాడాయన. పెళ్లయిన పదకొండేళ్లలో ఆ నోట విన్న మంచిమాట అదొక్కటే.

వరండాలో మామగారు రెండు చేతులూ కర్ర మీద ఆనించి కూర్చున్నాడు.

"అయిందా, అల్లుడూ?"

"ఆ పిడికున్న పట్టీ కావాలి, మామయ్యగారూ. అది మీ చక్రానిదే. చూసుకోకుండా నేనే కోశాను."

ముసలాయన పిడిని ఒకసారి నిమిరి, తనే కొస పట్టుకుని విప్పి ఇచ్చాడు.

"బుర్ర ఉందన్నాను గానీ, వాడమని చెప్పడం మరిచాను. ఇక కర్ర జారుతుంది. ట్యూబుకు అతుకులేసి, చక్రం బిగించి రా. కారు దాకా నన్ను నువ్వే పట్టుకుని నడిపించాలి."