లెక్కలోకి రాని గోళీ

అద్దం మీద ముక్కుల గుర్తులు తుడవడంతో ఆమె పని మొదలవుతుంది. పెద్దవాళ్ల వేలిముద్రలు పైన ఉంటాయి, పిల్లల ముక్కులు కింద. పైవి ఒక్క ఊపులో పోతాయి. కిందివాటికి మోకాళ్లు వంచాలి. ఈమధ్య కుడి మోకాలు ఆమె మాట వినడం మానేసింది. "నువ్వు కూడా మా ఆయనలా తయారయ్యావా?" అని దాన్ని విసుక్కుంటూ వంగి, తడిగుడ్డతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, అద్దం అవతలి పెట్టెను ఓసారి చూసుకుంది.

రెండు చేతుల్లో ఇమిడేంత చెక్కపెట్టె అది. మూలలకు ఇనుపరేకులు, ముందు చేప ఆకారంలో ఇత్తడి తాళం. మ్యూజియానికి వచ్చినప్పుడే తాళంచెవి లేకుండా వచ్చింది. పగలగొడితే పాడవుతుందని భయపడి, పెద్దసార్లు ఒకరి తర్వాత ఒకరు దాన్ని అలాగే వదిలేసి రిటైరయ్యారు. గది గోడల నిండా తాళాలే ఉన్నా జనం ఆగేది దీని దగ్గరే. దీనికి కాపలా కాబట్టి ఆమె అందరికీ పెట్టెమ్మ అయింది. జీతం కాగితంలో వేరే పేరుంది గానీ అది జీతాల గుమాస్తాకే తెలుసు.

పురిటి సెలవు మీద వెళ్లినావిడ బదులు, ఆవిడ వచ్చేదాకా అని చేరింది. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ కాన్పులో పుట్టిన పిల్లవాడికి ఇప్పుడు బట్టతల వచ్చిందని వినికిడి.

నీలం కోటు మోచేతుల దగ్గర అరిగితే దర్జీ అయిన భర్త లోపలినుంచి గుడ్డ వేసి కుట్టాడు. కుర్చీలో మెత్త కూడా ఆయన కుట్టిందే. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టడంతో అందులో ఊళ్లో సగంమంది చొక్కాలున్నాయి. ఇన్నేళ్లు కూర్చోవడంతో దాని మధ్యలో గుంట పడింది. వేరెవరు కూర్చున్నా అది వాళ్లను ఒప్పుకోదు, ఒక పక్కకి ఒరగదోస్తుంది.

ఆ ఉదయం పెట్టెకు అటొకటి ఇటొకటి రెండు గాజు సీసాలు వచ్చి కూర్చున్నాయి. ఒకదాని మీద "తెరవాలి", రెండోదాని మీద "వద్దు" అని రాసుంది.

ఇది సలహాపిల్లల పని. ఆరుగురు కాలేజీ పిల్లలు. ఏ గదిలో ఏం పెట్టాలో, ఏ కార్యక్రమం ఎలా చేయాలో చెప్పడానికి మ్యూజియం వాళ్లను పెట్టుకుంది. కాగితాల్లో యువ సలహా బృందం, కాపలావాళ్ల నోట్లో సలహాపిల్లలు. పటాల హాల్లో బెంచీలు వేయించింది వాళ్లే. అందుకు పెట్టెమ్మ కుడి మోకాలు వాళ్లను మనసారా దీవించింది. ఇప్పుడు వాళ్ల కన్ను పెట్టె మీద పడింది. తాళాల మేస్త్రిని పిలిపించి, జనం అందరి ఎదుటా తెరిపించాలని వాళ్ల ఆలోచన. అయితే తమంతట తాము నిర్ణయించరట, చూడవచ్చినవాళ్లే చెప్పాలట. అందుకని గేటు దగ్గర మనిషికో గోళీ.

గోళీల సంచీతో, చెవి వెనక పెన్సిలుతో ఒక సలహాపిల్ల గదిలోకి వచ్చి గోడకు బోర్డు తగిలించింది. "ఇచ్చిన గోళీలన్నీ సీసాల్లో పడి, లెక్క పూర్తయ్యాకే పెట్టె తెరుస్తాం."

"ఈ శాసనం ఎవరిదమ్మాయ్?"

"నాదే పెద్దమ్మా. పద్ధతంటే పద్ధతిగా ఉండాలని."

"మీ ఇంట్లో నిన్నెలా భరిస్తున్నారు?"

"అందుకేగా ఇక్కడికి పంపారు," అంటూ ఆ పిల్ల సంచీలోంచి ఒక నీలం గోళీ తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇది మీది. మీరూ వేయాలి."

"నేనా? కాపలావాళ్లకి ఓటేంటే?"

"అందరికంటే ఎక్కువసేపు చూసింది మీరేగా."

ఇలాంటి మాట ఆమెతో ఇంతవరకు ఎవరూ అనలేదు. దానికి మొహం ఎలా పెట్టాలో తెలియక, గోళీని కోటు జేబులో వేసుకుని గట్టిగా దగ్గింది.

జనం రావడం మొదలైంది. సలహాపిల్ల తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మొదట ఓ బుడతడు వచ్చి అద్దానికి ముక్కు ఆనించాడు.

"లోపల ఏముంది?"

"ఒక రాజుగారి పాలపన్ను," అంది పెట్టెమ్మ, మొహంలో ఒక్క గీత కదలకుండా. "ఊడినప్పుడు దాచుకున్నాడు. మళ్లీ అతికిద్దామని."

వాడు నాలుకతో తన కదిలే పన్ను తడిమి చూసుకుంటూ వెళ్లాడు. తర్వాత ఒక కొత్త జంట వచ్చింది. అదే ప్రశ్న.

"పెళ్లిలో ఇచ్చిన మాటలు. బయట ఉంటే పాడైపోతాయని లోపల పెట్టారు."

పెళ్లికూతురు నవ్వింది. పెళ్లికొడుకు నవ్వాలా వద్దా అని ఆమె వైపు చూశాడు. వాళ్ల వెనకాల వచ్చిన నడివయసు ఇల్లాలికి మాత్రం పెట్టెమ్మ గొంతు తగ్గించి, "ఒకావిడ అత్తగారి నోరు," అంది. ఆవిడ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, తన గోళీ "వద్దు"లో వేసి, నిశ్చింతగా వెళ్లిపోయింది.

అలా పడ్డవి కొన్నే. మిగతా జనమంతా విని, నవ్వి, "తెరవాలి"లోనే వేశారు. అబద్ధం ఎంత బాగుంటే తెరవాలన్న ఆత్రం అంత పెరుగుతోందని మధ్యాహ్నానికి గాని ఆమెకు తట్టలేదు. అప్పుడు తోవ మార్చింది. అడిగినవాళ్లకి, "ఏమీ లేదు, ఖాళీ," అంది. వాళ్లు ఆమెను అనుమానంగా చూసి మరీ "తెరవాలి"లో వేశారు. ఇంతకాలం అబద్ధాలు నమ్మిన జనం ఈ ఒక్క మాటను మాత్రం నమ్మలేదు.

టీ వేళ పక్క హాలు కాపలా మీసాల తమ్ముడు వచ్చాడు. పటాల్లోని రాజులకన్నా అతని మీసమే పెద్దది.

"ఏంటక్కా, నీ పార్టీ ఓడిపోతున్నట్టుంది?"

"నాకు పార్టీ లేదురా."

"మరి నీ మొహమేంటి, చెల్లని నాణెంలా? తెరవనీ అక్కా. మనకీ తెలుస్తుందిగా!"

"తెలిసి ఏం చేస్తావ్? నీ మీసానికి పూస్తావా?"

అతను నవ్వుతూ వెళ్లిపోయాడు. సలహాపిల్ల మాత్రం నవ్వలేదు. స్టూలు దగ్గరకు జరుపుకుంది.

"మీకు తెరవడం ఇష్టం లేదు కదా. ఎందుకు?"

పెట్టెమ్మ టీ గ్లాసు అంచు వేలితో తుడిచింది.

"మా అత్తగారు వంటింటి అలమరకి తాళం వేసి, చెవి మెడలో వేసుకుని తిరిగేది. నేను ఆ ఇంటికొచ్చిన రోజునుంచీ అందులో ఏముందా అని ఆలోచించేదాన్ని. ఒక రోజు బంగారం అనుకునేదాన్ని. ఒక రోజు ఆవిడకి ఎవరో రాసిన ఉత్తరాలు అనుకునేదాన్ని. అంట్లు తోముతుంటే టైమే తెలిసేది కాదు. ఆవిడ పోయాక చెవి నా చేతికొచ్చింది. తీశాను."

"ఏముంది?"

"ఖాళీ సీసాలు. మడతపెట్టిన సంచులు. ఒక విరిగిన గరిటె." ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఆ రోజు ఎంత ఏడ్చానో. అత్తగారి కోసమనుకుని చుట్టుపక్కలవాళ్లు తెగ మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు. తాళం ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఏదో ఉండేది తల్లీ. తీశాక గరిటె మిగిలింది."

ఆ పిల్ల చెవి వెనక పెన్సిలు తీసి, మళ్లీ అక్కడే పెట్టుకుంది.

సాయంత్రం తలుపులు మూశాక ఆరుగురూ నేల మీద కూర్చుని గోళీలు లెక్కపెట్టారు. "తెరవాలి" సీసా ఒంపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. "వద్దు"లోవి ఒకడి దోసిలిలో సరిపోయాయి. అయితే మొత్తంలో ఒక గోళీ తక్కువ వచ్చింది. బెంచీల కింద, తివాచీ అంచుల కింద, మీసాల తమ్ముడి బూట్ల పక్కన కూడా వెతికారు.

"పెద్దమ్మా, మీది వేశారు కదూ?"

"ఎప్పుడో వేశా," అంది పెట్టెమ్మ. పాలపన్ను గురించి చెప్పిన మొహమే అది.

పెద్దసారు వచ్చి, "ఎవడో పిల్లాడు జేబులో వేసుకుపోయుంటాడు. ఒక్కదానికేం, తేదీ పెట్టేయండి," అన్నాడు. మరుసటి వారానికి తేదీ పడింది.

సలహాపిల్ల ఆమె కుర్చీ దగ్గరికొచ్చి నిలబడింది. "నేనూ వద్దులోనే వేశాను పెద్దమ్మా. కానీ జనానికి మాటిచ్చాం."

"తెరవండి మరి. మాటంటే మాటే." పెట్టెమ్మ మెత్తను అరచేత్తో సర్దింది. "ఆ పూట మాత్రం నేను సెలవు పెడతాను."

ఇంట్లో భర్త కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని సూదిలో దారం ఎక్కించే ప్రయత్నంలో ఉన్నాడు. ఆమె సూది లాక్కుని, ఎక్కించి, తిరిగి ఇస్తూ తనకూ ఓటిచ్చిన సంగతి చెప్పింది.

"మరి వేశావా?"

"ఇంకా ఆలోచిస్తున్నా."

"పెళ్లికైనా ఇంత ఆలోచించలేదు నువ్వు."

"అదే పొరపాటు," అందామె. ఇద్దరూ నవ్వుకున్నారు. కోటు మేకుకు తగిలించింది.

ఆ వారం చివర్లో ఒక తెల్లవారుజామున ఆయన టీ పెట్టి పిలిస్తే ఆమె లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఈమధ్య ఆవిడ మాట వినంది మోకాలొక్కటే అనుకున్నానని ఆయన డాక్టరుతో అన్నాడు. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు.

పెట్టె తెరిచే రోజున గది కిక్కిరిసింది. తాళాల మేస్త్రి సన్నటి పనిముట్లు గుడ్డ మీద వరసగా పేర్చుకున్నాడు. ఉతికి, ఇస్త్రీ చేసిన నీలం కోటుతో దర్జీ వచ్చాడు. అది మ్యూజియం వాళ్లది కాబట్టి తిరిగివ్వాలని వచ్చానన్నాడు. సలహాపిల్ల రెండు చేతులతో అందుకుంది.

"ఉతికేముందు జేబులో ఇది దొరికిందమ్మా," అని ఆయన నీలం గోళీ ఉన్న అరచేయి చాచాడు. "మీదేనా?"

ఆ పిల్ల గోళీని చాలాసేపు చూసింది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది.

"ఆగండి. లెక్క పూర్తి కాలేదు."

"ఒక్క గోళీతో ఫలితం మారదుగా?" అన్నాడు తోటి సలహాపిల్లవాడు.

"మారదు. కానీ ఇచ్చినవన్నీ సీసాలో పడ్డాకే తెరుస్తామని రాశాం." ఆమె బోర్డు చూపించింది. "ఇది ఆవిడ ఓటు. ఆవిడే వేయాలి."

మిగతా ఐదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాడే ముందుగా అర్థమైనట్టు తలూపాడు. పెద్దసారు ఏదో అనబోయి, గుమ్మంలో నిలబడ్డ దర్జీని చూసి మానేశాడు. మీసాల తమ్ముడు గోడ మీది తాళాల వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. మేస్త్రి పనిముట్లు చుట్టుకుని, టీ తాగి వెళ్లిపోయాడు.

జనం కాళ్ల మధ్యనుంచి దూరి వచ్చిన ఒక పాప అద్దానికి ముక్కు ఆనించింది.

"అక్కా, లోపల ఏముంది?"

సలహాపిల్ల మొహంలో ఒక్క గీత కదలలేదు. "ఒక విరిగిన గరిటె," అంది. "దాంతో వండితే ఎంతమందికి వడ్డించినా తరగదట."

తర్వాత కుర్చీ దగ్గరికి వెళ్లి, రంగురంగుల మెత్త అంచు మీద గోళీని పెట్టింది. అది మెల్లగా దొర్లి, మధ్యలో ఉన్న గుంటలోకి దిగి, అక్కడ ఆగింది.