పొడుగు లెన్సు

శారోన్ అమ్మతో దిగిన ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది. రాహేలు మొదటిసారి కువైట్ వెళ్ళేముందు రాజోలు స్టూడియోలో తీయించింది. వెనక పరదా మీద జలపాతం, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ, మధ్యలో తల్లీ కూతుళ్ళు. అమ్మ చెయ్యి శారోన్ భుజం మీదే ఉంది గాని, ముఖం మాత్రం పాస్‌పోర్టు ఆఫీసులో కుర్చీ మీద కూర్చోబెట్టినట్టుంది. కెమెరా కనబడితే చాలు, రాహేలు అలా బిగుసుకుపోతుంది. ఆ తరవాత వీసాకీ, అక్కడ ఉండడానికిచ్చే అకామా కార్డుకీ ఫోటోలు దిగి దిగి ఆ ముఖమే ఆమెకి అలవాటైపోయింది.

శారోన్‌కి కావలసింది ఇంకో ఫోటో. అమ్మ తనని చూసి నవ్వుతున్న ఫోటో. దాన్ని గోడకి పెట్టుకుంటే, అమ్మ మళ్ళీ వెళ్ళిపోయాక కూడా ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది. నాన్న పోయాక ఆ ఇంట్లో మిగిలింది అమ్మమ్మ సత్తెమ్మ, తనూ.

టెన్త్‌లో మంచి మార్కులొస్తే కెమెరా కొనిస్తానని రాహేలు మాటిచ్చింది. మార్కులు వచ్చాయి. నాలుగేళ్ళ తరవాత ఒక నెల సెలవు కూడా దొరికింది. “ఏం కెమెరా కావాలో నువ్వే తేల్చి చెప్పమ్మా, తెస్తాను” అంది వాట్సాప్‌లో.

తేల్చడమే శారోన్‌కి రాని పని. క్లాసులో జవాబు తెలిసినా, చెయ్యెత్తేలోపు ఇంకొకళ్ళు చెప్పేస్తారు. ఫోన్లో రోజూ వీడియోలు చూసేది. ఒకాయన, లోపల అద్దం లేని కొత్త రకమే కొనండి, కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుని ఫోకస్ పడుతుంది అనేవాడు. ఇంకొకాయన, అద్దమున్న పాత మోడలే నయం, ఆ డబ్బు లెన్సు మీద పెట్టండి అనేవాడు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళే నిజం చెబుతున్నట్టుండేది. చివరికి అమ్మ అనుకున్న డబ్బుకి రెండే దార్లు మిగిలాయి. కొత్త మోడలు, దానితో వచ్చే చిన్న లెన్సు. లేకపోతే పాత మోడలు, దానికి డెబ్భై నుంచి మూడొందల మిల్లీమీటర్ల దాకా సాగే పొడుగు లెన్సు. చిన్నది గదినీ గదిలో మనుషుల్నీ మొత్తం పట్టేస్తుంది. పొడుగుది కాలవ అవతల కొబ్బరిమట్ట మీద వాలిన పిట్ట కంటిని చూపిస్తుంది. రెండూ కావాలంటే కుదరదు.

పెద్దమ్మ కొడుకు బెంజమిన్ పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు. ఓ ఆదివారం చర్చి నుంచి ఇంటికొస్తే శారోన్ అతన్నే అడిగింది.

“చిన్నదే కొనవే” అన్నాడు, ఆలోచించకుండా. “పొడుగుది కొని ఏం చేస్తావ్? కొంగల్ని తీస్తావా?”

“మనుషుల్నే అన్నయ్యా.”

“మనుషుల్నయితే దగ్గరికెళ్ళి తియ్యాలెహె. చిన్న లెన్సుకి కాళ్ళుంటే చాలు. పొడుగుదానికి చోటు కావాలి. మీ ఇంట్లో ఇటు గోడకి ఆనుకుంటే అటు గోడకి ముక్కు తగులుద్ది.”

“మా ఇంటి ఊసు నీకెందుకురా?” అంది సత్తెమ్మ వంటగదిలోంచి. “నువ్వు తీసిన పెళ్ళి వీడియోలో పెళ్ళికొడుకు కంటే కోడికూర ఎక్కువ కనబడింది.”

“ఆయ్, పెళ్ళికొడుకు కంటే అదే బాగుందే అమ్మమ్మా. ఏం చెయ్యమంటావ్?”

శారోన్ నవ్వింది గాని, అసలు సంగతి చెప్పలేకపోయింది. దగ్గరికెళ్ళడమే తనవల్ల కాదు. ఊళ్ళో ఎవరినైనా ఫోన్‌తో తీయబోతే చాలు, “ఏంటమ్మాయ్, పెళ్ళి సంబంధాలకా?” అని నవ్వుతారు. ఆ పూటంతా చెవులు వేడెక్కి ఉంటాయి. అమ్మనైతే దగ్గర నుంచి తీస్తే మళ్ళీ ఆ పాస్‌పోర్టు ముఖమే వస్తుంది. ఎక్కడో దూరంగా, కనబడకుండా నిలబడాలి. అమ్మ తనకి తెలియకుండా నవ్విన క్షణంలో పట్టుకోవాలి.

గురువారం అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. “శారోనూ, ఏదో ఒకటి చెప్పమ్మా. రేపొక్కపూటే నన్ను బయటికి పంపుతారు. షాపతను రెండూ తీసి పెడతానన్నాడు... ఉండు బుజ్జులూ, వచ్చేస్తన్నా, పడిపోతావ్... ఆ, రెండూ తీసి పెడతానన్నాడు, రేపు కొనకపోతే మళ్ళీ వీలు పడదు.”

మధ్యలో బుజ్జులన్నది శారోన్‌ని కాదు, దానాని. దానా అంటే, అమ్మ పనిచేసే ఇంటి మేడమ్ గారి చిన్నపిల్ల. రాహేలు అక్కడికెళ్ళాకే పుట్టింది. ఆ పిల్లని ఎత్తుకోవడం, తినిపించడం, నిద్రపుచ్చడం రాహేలు పని. ఒకప్పుడు ఇక్కడ, ఈ ఇంట్లో బుజ్జులంటే శారోనే. ఆ పేరు అటు ఎప్పుడు వెళ్ళిందో సత్తెమ్మ గమనించలేదు, రాహేలుకి కూడా తెలిసినట్టు లేదు. శారోన్ గమనించింది గాని అడగలేదు.

“చిన్నది” అని టైపు చేసి చెరిపేసింది. “పొడుగుది” అని టైపు చేసి అదీ చెరిపేసింది. శుక్రవారం అమ్మ షాపులో నిలబడి ఫోన్ చేసేదాకా అలాగే ఉండి, అప్పుడు ఒక్క ముక్కలో చెప్పింది.

“పొడుగుదే అమ్మా.”

*

రాహేలు వచ్చింది. సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, ఇంత మందం కంబళి, వాటి మధ్య చీరలో చుట్టిన కెమెరా. “ఎంత పొడుగైపోయేవే!” అని శారోన్‌ని దగ్గరికి తీసుకుంది. ఎలా పట్టుకోవాలో ఇద్దరికీ సరిగ్గా తెలియలేదు. తల్లి గడ్డం వచ్చి కూతురి నుదుటికి కొట్టుకుంది.

మొదటి రోజుల్లో ఆమె చుట్టంలాగే ఉంది. గ్లాసులెక్కడున్నాయని అడిగేది. తినేటప్పుడు పీట వాల్చినా కూర్చోకుండా, వంటగదిలో నిలబడే గబగబా తినేసేది. ఒకరోజు పొద్దున్న అట్టు వేసి, దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, పళ్ళెం చుట్టూ పువ్వులా పేర్చి శారోన్ ముందు పెట్టింది. శారోన్ ముక్కల వంక చూసింది. రాహేలు కూడా చూసింది.

“అలవాటు” అంది, పళ్ళెం వెనక్కి తీసుకోబోతూ.

“పర్లేదమ్మా, బాగుంది” అని శారోన్ ఒక్కో ముక్కా తినేసింది.

కెమెరా సంగతి బెంజమిన్ చెప్పినట్టే అయింది. గదిలో గోడకి వీపు ఆనించి చూసినా అమ్మ భుజాల దాకానే పట్టింది. ముందుకు జరిగితే ఫోకసే అందదు. కిటికీ వెలుగు చాలక ఫోటోలన్నీ అలుక్కుపోయినట్టు వచ్చాయి. తల్లీ కూతుళ్ళిద్దరినీ కలిపి తీద్దామని బెంజమిన్ ఓ సాయంత్రం వచ్చాడు. ఇద్దరినీ గుమ్మంలో నిలబెట్టి, కెమెరా కంటికి పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. వాకిలి దాటాడు, రోడ్డు దాటాడు.

“కాలవలో పడతావురా!” అని అరిచింది సత్తెమ్మ.

“దీన్ని కొన్నందుకు పడాలిగా మరి! పిన్నీ, కాస్త నవ్వు. శారోనూ, అమ్మకి దగ్గరగా జరుగు. ఇంకా. ఆవిడేమీ కరవదు.”

శారోన్ జరిగింది. అమ్మ చెయ్యి భుజం మీదకి వచ్చింది. ఆ బరువుకి మెడ బిగుసుకుంది. తీరా చూస్తే స్టూడియో ఫోటోలో ఉన్న ముఖమే, ఈసారి ఇద్దరికీ.

“ఇద్దరూ ఆధార్ కార్డుకి దిగినట్టున్నారు” అన్నాడు బెంజమిన్. అందరూ నవ్వారు. కెమెరా దించేశాడు గనక ఆ నవ్వు ఎందులోకీ ఎక్కలేదు.

పరవాలేదు, నేను దీన్ని కొన్నది అలా తీయడానికి కాదుగా, అనుకుంది శారోన్. ఆ మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి వంతెన దాటి అవతలి గట్టు మీది కొబ్బరితోటలో నిలబడేది. అక్కడి నుంచి ఇల్లు, వాకిలి, రేవుమెట్లు అన్నీ కనబడతాయి. లెన్సు సాగదీస్తే అమ్మ జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసు కూడా కనబడేది. అమ్మ బట్టలు ఆరేస్తూ కనబడింది. పక్కింటి కామాక్షిగారితో మాట్లాడుతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ కనబడింది. ఒంటరిగా గుమ్మంలో కూర్చుని ఎటో చూస్తూ కనబడింది. ఒక్కోసారి శారోన్, ఒకసారి ఇటు చూడమ్మా, చాలు, అని మనసులో అనుకునేది. పిలవలేదు. పిలిస్తే బిగుసుకుపోతుంది.

సెలవు చివరికొచ్చింది. తోటలో ఎవరో మోటారు వేసి మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. ఎండ పల్చబడింది. రాహేలు మెట్లు దిగి వచ్చి, నీటికి దగ్గరగా ఉన్న మెట్టు మీద కూర్చుంది. శారోన్ చెట్టు చాటున కెమెరా ఎత్తి, లెన్సు చివరిదాకా సాగదీసింది. అమ్మ ముఖమొక్కటే నిండుగా వచ్చింది.

ఆ ముఖం నవ్వింది.

అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వు కాదు. కళ్ళు చిన్నవైపోయి, బుగ్గలు పైకి లేచి, పక్కపన్ను మీద పన్ను కూడా కనబడే నవ్వు. ఆ పన్ను సంగతే శారోన్ మరిచిపోయింది. వేలు దానంతటదే నొక్కేసింది. మళ్ళీ నొక్కింది. అమ్మ కనుబొమలు ఎగరేసింది, పెదాలు ముందుకు చాచి ముద్దు పెట్టింది, మళ్ళీ నవ్వింది. శారోన్ నొక్కుతూనే ఉంది. దొరికింది, అనుకుంది. నాలుగేళ్ళు చూసిన దారికి ఇది చాలు.

మోటారు హోరులో మాటలు వినబడలేదు. అమ్మ పెదాలు మాత్రం ఒకే మాటని మళ్ళీ మళ్ళీ అంటున్నాయి. ఆ మాటని శారోన్ పెదాల మీదే పోల్చుకుంది. కెమెరా కొంచెం కిందికి దించింది. అమ్మ ఒళ్ళో, రెండు చేతుల మధ్య, ఫోను. గట్టు మీంచి చూస్తే, వెల్లకిలా ఉన్న దాని తెర మీద చిన్న వేళ్ళేవో ఊగుతున్నాయి.

బుజ్జులూ, అంటోంది రాహేలు. బుజ్జులూ, వచ్చేస్తన్నా.

*

ఫోటో చూపించకూడదనే అనుకుంది శారోన్. కాని అన్నం తినేటప్పుడు బెంజమిన్ వచ్చి, కెమెరా తీసుకుని, ఫోటోలు వరసగా జరుపుతూ ఒకచోట ఆగిపోయాడు.

“ఓసినీ! దీన్ని నువ్వే తీసేవా?”

సత్తెమ్మ కళ్ళజోడు తెచ్చుకుంది. గుమ్మంలోంచి కామాక్షిగారు కూడా వచ్చి తొంగిచూశారు. మూడొందలకి సాగదీసిన ఫోటోలో ముఖం, మెడ, వెనక పచ్చగా కరిగిపోయిన గట్టు, అంతే ఉన్నాయి. ఇంకేమీ పడలేదు.

“చూశారాండీ, కూతురు తీస్తుంటే సిగ్గుపడి ఎలా తల దించుకుందో” అన్నారు కామాక్షిగారు.

“నా కూతురు ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో” అని సత్తెమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “బిడ్డని చూసుకుంటే నవ్వు రాదేంటి మరి. ఇది పెద్దది చేయించరా, గోడకి పెడదాం.”

కెమెరా చివరికి రాహేలు చేతికొచ్చింది. ఆమె చాలాసేపు చూసింది. ముందు, ఇది నేనేనా అన్నట్టు మురిసింది. తరవాత వెనకున్న ఆ గట్టుని, ఆ సాయంత్రాన్ని గుర్తుపట్టింది. మురిపెం మెల్లగా దిగిపోయింది. తలెత్తి శారోన్ వంక చూసింది. నెలరోజుల్లో అంత సూటిగా ఆమె చూడడం అదే మొదలు. ఆ క్షణంలో కెమెరా ఆమె చేతిలో ఉంది.

అందరూ లేచాక, పళ్ళేలు తీస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

“ఫోను పడలేదు కదా?”

“లేదమ్మా” అంది శారోన్. “ముఖమొక్కటే.”

రాహేలు ఏదో చెప్పబోయింది. చిన్నపిల్ల కదమ్మా, అనో, నువ్వయినా అంతే కదమ్మా, అనో అయి ఉంటుంది. అంతలోనే పళ్ళేలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది.

అమ్మ వెళ్ళేరోజు ఆటో రోడ్డు మలుపు తిరిగేదాకా శారోన్ వాకిట్లోనే నిలబడింది. కెమెరా తేలేదు.

ఫోటో పెద్దది చేయించి, అద్దం వేయించి బెంజమిన్ పట్టుకొచ్చాడు. యేసుప్రభువు క్యాలెండరు పక్కన మేకు కొట్టాడు. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగుతారు. అమ్మంటే అలా ఉండాలండీ, అంటారు. శారోన్ మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది.

కెమెరా బీరువాలో ఉంది. మన చెమ్మ గాలికి లెన్సులో బూజు పట్టేస్తుంది, వారానికోసారైనా ఎండలో పెట్టు అన్నాడు బెంజమిన్. శారోన్ పెట్టలేదు.

వానలు మొదలయ్యాక అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. “శారోనూ, ఆ చిన్న లెన్సు కూడా కొనేస్తానే. నీ కెమెరాకి పట్టేది ఏదో కనుక్కుని పంపు. వచ్చేసారి దగ్గర నుంచే తీద్దువుగాని.” వచ్చేసారి అంటే ఎప్పుడో చెప్పలేదు. కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టేసింది. మాటల వెనక ఎవరో చిన్నపిల్ల కిలకిలా నవ్వుతోంది.

ఆ కెమెరాకి ఏ లెన్సు పడుతుందో శారోన్‌కి తెలుసు. వీడియోలేవీ చూడక్కర్లేదు. ఆ పేరు మాత్రం టైపు చేయలేదు.

అమ్మమ్మ ప్రార్థన కూడికకి వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు. శారోన్ ఫోటో ముందు నిలబడింది. అమ్మ చూపు తన మీద లేదు, కిందికుంది. శారోన్ నేల మీద కూర్చుంది. ఇంకా కిందికి. మోకాళ్ళు ముడుచుకుని, తల వంచి, అయిదేళ్ళ పిల్లంత అయింది. కాస్త ఎడమకి జరిగింది, మళ్ళీ కుడికి జరిగింది. అమ్మ నవ్వుతూనే ఉంది. ఎటు జరిగినా ఆ కళ్ళు తన పక్క నుంచే వెళ్ళిపోతున్నాయి.