హనుమమ్మ చెప్పిన పేరు

హనుమమ్మ చేతి మందంటె అమ్రాబాద్ దాకా పేరు. కని అది ఏ చెట్టు వేరో కట్టుకున్న మొగునికి సుత చెప్పలేదు. పేరు బయటవెడితె మందు పనిచెయ్యదని అత్త ఒట్టు వేయించుకున్నది మరి. ఆ ఒట్టు సంగతి ఊరందరికీ ఎరుకే. ముప్పై ఏండ్లు నోరిప్పలేదు. ఒక్కతే గుట్టెక్కి, పక్కవేరు ఒక్కటే కోసి, తల్లివేరు మీద మన్ను కప్పి వచ్చేది.

నిజాం పోయిన ఏడెనిమిదేండ్లకు కాటమయ్య దిగిండు, మందుల కంపెనీలకు వేర్లు పంపే గుత్తెదారు. చేతిల సర్కారు కాయితం. ఊరోళ్లనే కూలికి పెట్టి హనుమమ్మ మందు చెట్లనే తల్లివేర్లతో సహా పెరికిచ్చిండు. ఏడాదిల రెండు గుట్టలు బోడివడ్డయి. ఊరోళ్లకేం తెలుసు, వాళ్ల కండ్లకు అది ఉత్త పొద. హనుమమ్మకు కడుపు రగిలిపోయింది, కాటమయ్య మీద సగం, తన మీద సగం. తను నోరు మూసుకోబట్టే గదా ఇంత దూరం వచ్చె.

మిగిలింది ఒక్క నల్లగుట్ట. పొద్దుగాల కూలోళ్లు గడ్డపారలు పట్టుకొని బయలెల్లితె, హనుమమ్మ బాట నడుమ కూసున్నది.

"లెవ్వు పెద్దమ్మా, లారీ ఆగి ఉన్నది," అన్నడు కాటమయ్య.

ఆమె అతని దిక్కు చూడనన్న చూడలేదు. కొంగుల నుంచి ఒక కొమ్మ తీసి, కూలోళ్లల్ల ముందు నిలవడ్డ గులాబ్‌బీకి ఇచ్చింది.

"నీ బిడ్డ కానుపైనంక మతి తప్పి బాయి దిక్కు ఉరికింది, యాదికున్నదా? నేను తాపిన మందు గిదే. పాతాళగంధి. నిరుడు నువ్వు నెత్తిన మోసిన గోనెసంచుల నిండ గిదే."

గులాబ్‌బీ ఆ కొమ్మను చేతిల తిప్పి చూసింది. "ముందుగాల ఎందుకు చెప్పలేదక్కా?" అన్నది.

"తప్పు నాదే."

గులాబ్‌బీ గడ్డపార కింద పడేసి ఆమె పక్కన కూసున్నది. తర్వాత జానయ్య కూసున్నడు. ఆయన వెనుక ఒక్కొక్కరే. కూలి పెంచుతనని కాటమయ్య ఒర్రిండు. ఎవ్వరూ లేవలేదు.

పొద్దు నెత్తి మీదికి వచ్చేదాక చూసి కాటమయ్య లారీ మలిపిచ్చిండు. ఎక్కబోతూ మంట పట్టలేక అన్నడు: "పేరు చెప్పినవు గద ముసల్దానా. ఇగ నీ మందు పనిచెయ్యది. నిన్నెవరు దేకుతరు?"

"చెయ్యకుంటె చెయ్యకపాయె," అన్నది హనుమమ్మ, కూసున్న జాగల నుంచి కదలకుండ. "చెట్టయితె ఉంటది. పో."