చలిగదిలో చెక్కపెట్టె

అతుకుల బావంటే పాత సినిమాలు దాచే ఆ భవనంలో తెలియనివాళ్ళు లేరు. తెగిన ఫిల్ము అతికించడం ఆయన ఉద్యోగం. ఇంట్లో తెగిన మాటలు అతికించడం మాత్రం ఆయనకి అబ్బని విద్య. నేలకింది గదిలో, తుప్పు డబ్బాల్లో, లోకం మరిచిపోయిన మూగ సినిమాలన్నీ మూగి ఉంటాయి. రవ్వ తగిలితే భగ్గుమనే పాత ఫిల్ము గనుక గది ఎప్పుడూ వణికించేంత చల్లగా ఉండాలి. ఫోన్లు, ఇనుప సామాను బయటి బుట్టలో పెట్టే లోపలికి రావాలి. ఆ నియమం బావదే.

వరుస సెలవులకి ముందురోజు సాయంత్రం. అందరూ ఇళ్ళకి పోయారు. చల్లయంత్రాలు బాగుచేసే బావమరిది తలుపు రబ్బరు సరిచేస్తున్నాడు. బావ భూతద్దం పట్టుకుని పరుగున వచ్చి, అలవాటు కొద్దీ మడమతో తలుపు నెట్టేశాడు. గడియ పడింది. ఇక గడియలు గడవడమే కష్టం.

"బావా! ఏం చేశావ్?"

"తలుపేశాను. బార్లా తెరిచిపెడితే చల్లదనం మీ తాత తెచ్చిస్తాడా?"

"లోపలి పిడి నూనె రాద్దామని ఊడదీసి బయట పెట్టానయ్యా!"

పిడి బయట ఉండిపోయింది. పిడివాదం మాత్రం ఇద్దరితోపాటూ లోపలే ఉంది.

"స్క్రూడ్రైవరు తియ్యరా."

"రవ్వలు రవ్వలని దాన్నీ బుట్టలో వేయించిందెవరు? మా అత్తా?"

అరిచారు. తలుపు బాదారు. మందపాటి తలుపు వాళ్ళ కేకలన్నీ మింగి తేన్చనైనా లేదు. మంటలు లేస్తే లాగడానికి గోడకి ఎర్ర మీట ఉంది. లాగితే తలుపు తెరుచుకుంటుంది. దాంతోపాటే కప్పులోంచి నీళ్ళు కురుస్తాయి. మూతలు సరిగ్గా పట్టని ఆ డబ్బాల్లోకి నీళ్ళు పోతే ఒక్క బొమ్మా మిగలదు. పైగా వాటిలో చాలావాటికి మరో ప్రతి ఎక్కడా లేదు.

"లాగేద్దాం బావా."

"నన్ను చంపి లాగు."

"లాగకపోతే ఎలాగూ చస్తాంగా!"

బావ అతన్ని మాటల్లో పెడదామని, పొద్దున బయటపడ్డ ఫిల్ము చుట్ట తీశాడు. డబ్బామీద రైలు వంతెన అని ఉంది. లోపల చూస్తే హాస్యం. కరెంటు దీపం ముందు ఫిల్ము పట్టుకుని, భూతద్దంలోంచి బొమ్మ బొమ్మా చెప్పసాగాడు.

"అద్దెకోసం ఇంటాయన వచ్చాడు. ఇల్లాలు చెక్కపెట్టెలో దూరింది. వాడు పోకుండా పెట్టెమీదే కూలబడ్డాడు."

"అయ్యో! మరి మొగుడు?"

"ఏం చెయ్యాలో తోచక వాడికి విసనకర్రతో విసురుతున్నాడు."

"దద్దమ్మ! విసిరేది ఇంటాయన్నిరా, బయటికి!" బావమరిది పకపకా నవ్వాడు. "ఎప్పటిదో గానీ మా అక్క మొగుడిలాగే ఉన్నాడు. తర్వాత?"

పెట్టె మూత కొంచెం లేచింది. సందులోంచి వేళ్ళు కనిపించాయి. ఆపైన ఫిల్ము కుళ్ళి, బెల్లం పాకంలా ముద్దకట్టింది. బావ గోరుతో మెల్లగా విడదీయబోయాడు. పొరతోపాటు బొమ్మ కూడా లేచొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూకీల మధ్య కూర్చుని ముక్కీ మూలిగీ చాలాసేపు గడిపారు. బావ తన కోటు తీసి బావమరిదికి కప్పాడు. మొదట్లో ఆ కుర్రాడి పళ్ళు తాళం వేశాయి. తర్వాత ఆ తాళం కూడా ఆగిపోయింది. గోడకి జారగిలబడి మత్తుగా కళ్ళు మూస్తున్నాడు.

"ఒరేయ్! మాట్లాడు. తిట్టు. ఏదో ఒకటి అను!"

"ఆవిడ... పెట్టెలోంచి... బయటపడిందా బావా?"

బావ ఆ ముద్దని చూశాడు. మంచి రసాయనం ఉంటే, ఓపికుంటే, ఇంకో ఏడాదికైనా విప్పగలడు. తడిస్తే ఆపైన ఏమైందో ఇక ఎవరికీ తెలియదు.

"పడిందిరా," అన్నాడు. "ఇంటాయన కిందపడ్డాడు, ఆవిడ బయటపడింది."

"మంచిదే," అని కుర్రాడు తల వాల్చేశాడు.

బావ చుట్టని డబ్బాలో పెట్టి మూత నొక్కాడు. సరిగ్గా పట్టలేదు. మళ్ళీ నొక్కాడు. ఇక ఆగకుండా వెళ్ళి ఎర్ర మీట కిందికి లాగాడు.

తలుపు తెరుచుకుంది, నీళ్ళు దిగాయి. చంకల్లో చేతులేసి బావమరిదిని గుమ్మం అవతలికి ఈడ్చి, వెచ్చటి మెట్లమీద కూర్చోబెట్టి చెంపలు వాయించాడు.

"కొట్టకు బావా, లేస్తున్నా!" అన్నాడు వాడు.

ఆ మాట వినగానే బావ లోపలికి పరుగెత్తాడు. అరల ముందు రెండు చేతులూ చాపి, తడిసి ముద్దవుతూ నిలబడ్డాడు. ఆ చేతులకింద పట్టినవి నాలుగైదు డబ్బాలు. గది నిండా డబ్బాలు.

"రా బావా, తలుపు తెరిచే ఉంది!" అని బయటినుంచి పిలుస్తున్నాడు బావమరిది.

బావ కదల్లేదు.