అవతలి వైపు అద్దం

పొద్దున్నే షెడ్డు తలుపు ఎత్తగానే మేస్త్రి చేసే మొదటి పని, ముందురోజు విప్పిన సైడు అద్దాలను బల్ల మీద నిలబెట్టి, టీ తాగుతూ వాటి ఎదురుగా కూర్చోవడం. బండి నుంచి ఊడిన అద్దం చివరిసారి చూసినదాన్ని ఒక పట్టాన వదలదు. ఎవరైనా ఎదురుగా కూర్చుని చూస్తే అప్పుడు ఖాళీ అవుతుంది. మామూలు అద్దానికి ఒక గ్లాసు టీ చాలు. ప్రమాదం జరిగిన బండిదైతే మాత్రం నడిపినవాణ్ణే పిలిపించి కూర్చోబెట్టాలి, ఇంకెవరు చూసినా లాభం లేదు. రిపేరు షెడ్లున్న ఆ వీధిలో ఇది అందరికీ తెలిసిన సంగతే.

ఊరందరి అద్దాలూ ఖాళీ చేయించిన మేస్త్రి తన కారు అద్దాల జత మాత్రం ఆరేళ్ళుగా అటక మీద, గుడ్డలో చుట్టి, గోడవైపు తిప్పి ఉంచాడు. అన్న పోయిన రోజు విప్పినవి అవి. ఆ రోజు నుంచి అతను స్టీరింగు ముట్టుకోలేదు. బాగుచేసిన బండిని నడిపి చూసుకోవడానికైనా పక్క షెడ్డువాణ్ణి బతిమాలుకుంటాడు.

ఒకరోజు వదిన అన్నగారి పాత కారు తీసుకొచ్చింది. గుండ్రటి ముక్కు, గుండ్రటి దీపాలు, డోర్లకి క్రోమ్ గిన్నెల్లాంటి అద్దాలు. ఆవిడ కర్టెన్లు కుట్టి ఇళ్ళకి తీసుకెళ్ళి తగిలించి వస్తుంది. అన్న ఉన్నన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చుని, కిటికీ దించి, ఆవిడ చాలు అనేదాకా అవతలి అద్దం చేత్తో తిప్పేవాడు. ఇప్పుడు ఆవిడే దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి సరిచేసి, వచ్చి కూర్చుంటే అది ఆకాశాన్నో చక్రాన్నో చూపిస్తుంది. మళ్ళీ దిగాలి. పోయిన వారం ఒక స్కూటరు వెంట్రుకవాసిలో తప్పిందట. కూర్చున్న చోటి నుంచే స్విచ్‌తో తిరిగే అద్దాలు పెట్టగలిగితే సరే, లేకపోతే బండి నడపడం మానేస్తానంది.

బండి మానేస్తే ఆవిడ పని మానేసినట్టే. మేస్త్రి మూడు రకాల మోటార్లు తెచ్చి చూశాడు. ఆ క్రోమ్ గిన్నెలో ఒక్కటీ పట్టలేదు. పట్టేవి ఎక్కడున్నాయో అతనికి మొదటినుంచీ తెలుసు. నాలుగో రోజు అటకెక్కి, తన కారు మోటారు అద్దాలు దించాడు.

అద్దం మోటారు పలకకి అతికించి ఉంది, ఊడదీస్తే రెండూ పాడవుతాయి. అందుకని అద్దాన్ని బోర్లా పట్టుకుని, తడిరాయి మీద అంచులు అరగదీసి గుండ్రంగా చేశాడు. డోరు కీలు పక్కన రబ్బరు గొట్టంలోంచి వైర్లు లాగి, స్టీరింగు కింద చిన్న స్విచ్ బిగించాడు. గీతలు పడకుండా అద్దాల మీద కాగితం అంటించాననీ, ఇంటికెళ్ళి పీకెయ్యమనీ వదినకి చెప్పాడు. ఆరేళ్ళయింది, ఈపాటికి వాటంతటవే ఖాళీ అయి ఉంటాయని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అంత నమ్మకం ఉన్నవాడు కాగితం ఎందుకంటించాడో మరి.

ఎనిమిది రోజుల తర్వాత, మధ్యాహ్నం సన్నటి వానలో ఆవిడ మళ్ళీ వచ్చింది. టీ కొట్టాయన అవతలి అద్దంలోకి తొంగిచూసి, మీ అన్న ఇంకా ఆ నీలం రెయిన్‌కోటే వేసుకున్నాడే అని మేస్త్రితో అని, గ్లాసులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

"ఎక్కు," అంది వదిన.

మేస్త్రి పక్క సీట్లో కూర్చుని ఒళ్ళోకి చూసుకున్నాడు. అన్న పోయిన రంపపు మిల్లు మలుపు దగ్గర ఆవిడ బండి ఆపింది.

"రోజూ ఇక్కడ ఆగి దారిస్తున్నాను. ఆయన సైకిలు మీద మన వెనక దాకా వస్తారు, కాలు నేల మీద పెట్టి నిలబడిపోతారు. నేను దారిస్తే వెళ్ళరు. ఎందుకో చెప్పు."

మేస్త్రి గోళ్ళలోని గ్రీజు గీక్కోసాగాడు.

"రోడ్డు మీద జారి, సైకిలుతో సహా తనే నీ బండి కిందకి వచ్చారన్నావు."

"అబద్ధం, వదినా," అన్నాడు మేస్త్రి. "నేను అద్దం చూడకుండా బండి తిప్పాను."

వైపరు అటూ ఇటూ ఆడుతూనే ఉంది. ఆవిడ డోరు తీసుకుని దిగి, చుట్టూ తిరిగి వచ్చి అతని పక్కన నిలబడింది.

"జరుగు. నువ్వు నడుపు."

మేస్త్రి జరిగి, ఆరేళ్ళ తర్వాత స్టీరింగు పట్టుకున్నాడు. వదిన పక్క సీట్లో కూర్చుంది. బండిని పది గజాలు వెనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ మలుపు దాకా వచ్చి, ఆగి, మేస్త్రి అవతలి అద్దంలోకి చూశాడు. అన్న వస్తున్నాడు. గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పటిలాగే ఒక చేత్తో టిఫిను డబ్బా పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిలు పట్టి తొక్కుకొస్తున్నాడు. మేస్త్రి రెప్ప వెయ్యలేదు. ఏడుపు తన్నుకొస్తున్నా చూపు తిప్పుకోలేదు.

ఈసారి అన్న ఆగలేదు. తమ్ముడి వంక చూసి, తల ఊపి, తొక్కుకుంటూ అద్దం అంచు దాటాడు. కిటికీ అవతల ఎవరూ కనబడలేదు. బెల్లు ఒకసారి మోగింది, గుంటలో నీళ్ళు చిందాయి, అంతే.

అద్దంలో తడిరోడ్డు మిగిలింది.

"వెళ్ళారా?" అని అడిగింది వదిన.

"వెళ్ళాడు."

"ఇంటికి పోనీ."

అతను మెల్లగా మలుపు తిప్పాడు. కొంచెం దూరం వెళ్ళాక వదిన చెయ్యి చాచి, స్టీరింగు కింద స్విచ్ నొక్కింది. అవతలి అద్దం సన్నగా మూలుగుతూ పైకి లేచింది, కిందికి దిగింది, అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఎనిమిది రోజులు భర్తతో కలిసి తిరిగిన మనిషి అని మేస్త్రికి అప్పుడు తట్టింది. ఇల్లు వచ్చేదాకా ఆవిడ స్విచ్ వదల్లేదు, చాలనడానికి అతనికి నోరు రాలేదు.