కొట్లో కొన్న కాలర్

మా మనవరాలు బడికి పోతుంటే చూసి నాకు ఒళ్లు మండుతుంది. పొట్ట మీద కోతి బొమ్మ, మోకాలి దగ్గర చిరుగు. ఆ చిరుగు కూడా డబ్బిచ్చి కొన్నదే. మా రోజుల్లో దీవి మొత్తం మీద ఏ ఇంటి ఆడపిల్లకైనా బడి అంటే నీలం గౌను, దాని మీద తెల్ల కాలర్, జుట్టుకు తెల్ల రిబ్బను. సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక ఎవాంథియా టీచర్ వరసలో ఒక్కొక్కరి ముందూ ఆగేది. చేతులు చాపి గోళ్లు చూపించాలి. జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాలి. ఆఖరున మెడ దగ్గర వేలు పెట్టి కాలర్ తిప్పి చూసేది. మురికి కనిపిస్తే తిట్టేది కాదు, కొట్టేది కాదు, "ఊఁ" అనేది. ఆ మాట పడ్డ పిల్ల సాయంత్రం దాకా తలెత్తేది కాదు. ఇప్పుడు నాకు ఆ "ఊఁ" ఒక్కసారి వినాలని ఉంటుంది. టీచర్ పోయి ఇరవై ఏళ్లయింది. గౌన్లను అంతకంటే ముందే ప్రభుత్వం తీసేసింది.

నా కాలర్ లాంటిది బడిలో ఇంకెవరికీ ఉండేది కాదు. మా నాన్నమ్మ దియమాందో సన్న నూలుతో అల్లేది, అంచు చుట్టూ ద్రాక్ష గుత్తులు వచ్చేలా. ఏటా సెప్టెంబరులో కొత్తది. కొట్లో గజాల లెక్కన అమ్మే లేసంటే ఆమెకు పరమ అసహ్యం. "అది కట్టుకుని బడికి పోయేకంటే మెడకి గోనెపట్టా చుట్టుకోవడం నయం," అనేది.

నాన్న ఓడలో, ఇంజను గదిలో పని. ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకసారి ఇంటికొచ్చేవాడు. మేము ఆయనకు పంపగలిగేవి ఉత్తరాలు, బడిలో తీసే ఫొటో, అంతే. టీచర్ బల్ల ముందు కూర్చోబెట్టి, వెనక దేశపటం తగిలించి, చేతికి కలం ఇచ్చి తీసేవారు. ఒకటో తరగతి ఫొటో, రెండో తరగతి ఫొటో తన పడక పక్కన గోడకు అంటించుకున్నానని రాశాడు. మూడోది ఎప్పుడు పంపుతారని ప్రతి ఉత్తరంలోనూ అడిగేవాడు.

నేను మూడో తరగతిలో ఉండగా అక్టోబరులో తాతయ్య పోయాడు. భోజనానికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. సమాధి చేసి వచ్చిన మర్నాడే నాన్నమ్మ పెరట్లో గంగాళం పెట్టి నల్లరంగు మరిగించింది. ఇంట్లో ఆడవాళ్ల బట్టలన్నీ అందులోకి పోయాయి. తీగ మీద ఆరుతున్న నా నీలం గౌను కూడా పోయింది.

"అత్తయ్యా, అది పిల్ల బడి గౌను," అంది అమ్మ.

"పోయింది పిల్లకి తాత కాదా?" అంది నాన్నమ్మ, కర్రతో కలుపుతూ.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పింది. యాకుమీకి, అంటే మా నాన్నకి, ఎవరూ ఈ సంగతి రాయకూడదు. మా దీవిలో సముద్రం మీద ఉన్నవాడికి చావు కబురు పంపరు. ఇంజను దగ్గర మనసు ఎటో పోయి చెయ్యి తడబడితే ఇంకో చావు చూడాల్సి వస్తుందని భయం. వాడు ఇంటికొచ్చి, కడుపునిండా తిన్నాక చెప్తారు. ఊళ్లో పోస్టు ఇచ్చే మనిషి దగ్గర్నుంచి చర్చి ఫాదరు దాకా అందరితో ఒట్టు పెట్టించింది నాన్నమ్మ. ఆమెకు రాయడం రాదు. అమ్మకు ఉత్తరం రాయబోతే ఏడుపొచ్చేది. అందుకని నేనే గుండ్రటి అక్షరాలతో రాసేదాన్ని: "తాతయ్య, నాన్నమ్మ క్షేమం. నీకు ముద్దులు పెట్టమన్నారు."

సోమవారం నల్లగౌనుతో వరసలో నిలబడ్డాను. టీచర్ నా ముందు ఆగింది.

"కాలర్ ఏదమ్మా?"

"నాన్నమ్మ పెట్టెలో పెట్టి తాళం వేసింది టీచర్. ఏడాది దాకా నలుపు మీద తెలుపు వెయ్యకూడదంట."

"ఊఁ" అంటుందని కళ్లు మూసుకున్నాను. అనలేదు. నా తల మీద చెయ్యి వేసి పక్క పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. అదేమిటో, అప్పుడే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మగపిల్లలు నన్ను కాకి అని పిలవడం మొదలుపెట్టారు. నా బల్ల మీద పక్కన కూర్చునే థొమాయిస్ వాళ్లలో ఇద్దర్ని తన్ని, నా కోసం గోడకుర్చీ వేసింది.

ఫొటోలు తీసే మెనెలావోస్ మామూలుగా వసంతకాలంలో వచ్చేవాడు. ఆ ఏడు నవంబరులో గాలికి లాంచీ మా రేవులో ఆగిపోతే, ఖాళీగా కూర్చోవడం ఎందుకని కెమెరా భుజాన వేసుకుని పొద్దున్నే బడికొచ్చేశాడు. ఒక్కొక్కళ్లనీ పిలిచి తీస్తున్నాడు. నా వంతు వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి టీచర్ వైపు తిరిగాడు.

"ఈ ఫొటో యాకుమీకేగా పోయేది? నల్లగౌను, కాలర్ లేదు. చూడగానే ఇంట్లో ఎవరో పోయారని తెలిసిపోతుంది."

"ఇంటికెళ్లి కాలర్ తెచ్చుకుంటాను," అన్నాను.

"మీ ఇల్లు కొండ మీద. గాలి తగ్గింది, లాంచీ కూత వేస్తోంది. నేను మళ్లీ వచ్చేది ఏప్రిల్లోనే."

ఫొటో పంపకపోతే నాన్న ఎందుకు పంపలేదని అడుగుతాడు. పంపితే తెలిసిపోతుంది. నా వల్లే నాన్న ఇంజనులో పడి చచ్చిపోతాడని నిజంగానే అనుకున్నాను.

థొమాయిస్ దేశపటం వెనక్కి వెళ్లి తన గౌను విప్పేసి, చెయ్యి మాత్రం బయటికి చాపింది. "ఏసుకోవే. చేపల కంపు కొడితే నన్ననకు, పొద్దున బుట్టలు మోశా." దాని గౌనుకి తెల్ల కాలర్ కుట్టేసి ఉంది. ఎవాంథియా టీచర్ తన చేత్తో నా జుట్టు దువ్వి, సొరుగులోంచి తెల్ల రిబ్బను తీసి కట్టింది.

"నవ్వు అసిమీనా. మీ నాన్న ముందు నవ్వే చూస్తాడు."

నవ్వాను. అంతకంటే మంచి నవ్వు ఇంతవరకూ ఏ ఫొటోలోనూ నవ్వలేదు.

ఫొటో వచ్చాక నాన్నమ్మకు చూపించలేదు. తెలుపు వేశానని, పైగా అరువు గౌనని తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. అమ్మ మాత్రం చూసి, ఊపిరి పీల్చుకుని, కవరులో పెట్టేసింది. మెడ దగ్గర తెల్లగా ఉందా లేదా అని చూసిందే గానీ అమ్మ ఇంకేమీ చూడలేదు. నేనూ అంతే. నాన్నను కాపాడేశానని నెలల తరబడి ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

జనవరిలో జవాబొచ్చింది. "ఫొటో అందింది. బాగుంది. నాన్నమ్మ చేతికి నా ముద్దు." అంతే. ఆ తర్వాత ఉత్తరాలన్నీ రెండు ముక్కలే. పని ఎక్కువైందేమో అనుకుంది అమ్మ.

జూన్‌లో నాన్న వచ్చాడు. ముగ్గురం రేవులో నిలబడ్డాం. లాంచీ మెట్ల మీదికి వచ్చిన నాన్న జబ్బకు, ఇంట్లో చావు జరిగితే మగవాళ్లు కట్టుకునే నల్ల గుడ్డ పట్టీ ఉంది.

"ఎవరో చెప్పేశారు," అంది అమ్మ మెల్లగా.

నాన్నమ్మ మమ్మల్ని తోసుకుని ముందుకు నడిచింది. ఆమెను చూసి నాన్న మెట్టు మీదే ఆగిపోయాడు. చేతిలో సంచీ జారి నీళ్ల అంచున పడింది.

"అమ్మా," అన్నాడు. "నువ్వు ఉన్నావా?"

"ఉండక ఎక్కడికి పోతాన్రా?" నాన్నమ్మ ఆ నల్ల పట్టీని వేళ్లతో తడిమింది. "ఎవరు చెప్పార్రా నీకు? ఊరంతటి చేతా ఒట్టు పెట్టించానే."

"ఏం చెప్పడం?"

"మీ నాన్న సంగతి."

పోయిందనుకున్న తల్లి ఎదురుగా దొరికింది, ఆ తల్లి నోటితోనే తండ్రి లేడని వినాల్సి వచ్చింది. సంతోషం ముఖం మీదికి ఇంకా పూర్తిగా రానేలేదు. నాన్న మెట్ల మీదే కూలబడ్డాడు. అలా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు, చూడాలనీ లేదు.

ఇంటికొచ్చాక చొక్కా జేబులోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. అంచులు అరిగిపోయాయి.

"ఇది కొట్లో లేసు. నువ్వుండగా నా కూతురు కొన్న కాలర్‌తో ఫొటోకి కూర్చుంటుందా అమ్మా? చూసీ చూడగానే తెలిసిపోయింది, నువ్వు లేవని. నా కోసం వీళ్లు దాస్తున్నారు కదా, తెలిసినట్టు రాస్తే బాధపడతారని నేనూ ఊరుకున్నాను."

భూమి చీలిపోతే బాగుండుననిపించింది. థొమాయిస్ గౌను, టీచర్ రిబ్బను, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. నాన్న నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వు బాగా నవ్వావే. అది చూసే ఎక్కువ ఏడ్చాను. పసిదానికి కూడా అబద్ధం నేర్పారు పాపం అని."

నాన్నమ్మ చాలాసేపు ఫొటో చూస్తూ కూర్చుంది. ఇల్లు పీకి పందిరెయ్యలేదు.

ఆ ఆదివారం నాన్న కోసమని తాతయ్య సమాధి దగ్గర మళ్లీ ప్రార్థన చేయించాం. పోయినవాళ్ల పేరున పంచుకు తినే ఉడికించిన గోధుమల పళ్లెం నాన్నమ్మ పట్టుకుంది, ఊరంతా చుట్టూ నిలబడింది. కొడుకు ఏడుస్తాడని అందరూ చూస్తున్నారు. నాన్న పొడి కళ్లతో నిలబడ్డాడు. వెనక ఆడవాళ్లు చెవులు కొరుక్కోవడం నాకు వినబడుతూనే ఉంది.

"కాస్త ఏడవరా. జనం చూస్తున్నారు," అని గొణిగింది నాన్నమ్మ.

"రావడం లేదమ్మా. ఆరు నెలలు ఇంజను పక్కన నిలబడి నీ కోసమే ఏడ్చాను. ఉన్నదంతా అయిపోయింది."

నాన్నమ్మ పళ్లెంలోంచి గుప్పెడు గోధుమలు తీసి నాన్న అరచేతిలో పోసి, తినమంది.