గుడ్డు పొయ్యి

వానలు మొదలైన నాటి నుంచి జావీద్ ఆ మూత ఎత్తలేదు.

ఎత్తాల్సిన అవసరం పడకుండా జాగ్రత్త పడ్డాడు. పొద్దున్నే కొట్టు తెరవగానే దాని పైభాగాన్ని నిమ్మచెక్కతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, పక్కన ఊదు వెలిగించేవాడు. చూసేవాళ్ళు అది భక్తి అనుకునేవారు. మూత సందులోంచి వచ్చే వాసనను కప్పెట్టడానికని జావీద్‌కు తెలుసు. అతని తండ్రి మజహర్‌కు కూడా తెలుసు.

మణుగూరులో బొగ్గుగనుల కాలనీకి పోయే రోడ్డు మీద అతని కబాబుల కొట్టు. కొట్టు ముందర, నడుమెత్తు స్టాండు మీద, రాక్షసి కోడి పెట్టిన గుడ్డులా కూర్చుని ఉంటుంది ఆ వస్తువు. మందపాటి పింగాణీ ఒళ్ళు, నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. అసలు పేరు సిరామిక్ గ్రిల్. లోపల బొగ్గులు వేసి, మూత వేసి, మాంసం కాల్చుకోవాలి. ఊళ్ళోవాళ్ళు గుడ్డు పొయ్యి అన్నారు, ఆ పేరే నిలిచింది. దాని పైన ఫ్లెక్సీ: ‘జిల్లాలో మొట్టమొదటి సిరామిక్ గ్రిల్ కబాబ్’. దాని మూలన నల్లకళ్ళద్దాలతో జావీద్ ఫొటో.

అందులో ఒక్క కబాబు కూడా కాలడం లేదు. కాల్చేదంతా కొట్టు వెనక, రేకుల చాటున, నిలువునా కోసిన ఇనుప డ్రమ్ములో.

చలికాలంలో కొన్నాడు దాన్ని. తండ్రి వద్దంటే వినలేదు. తాత నాటి ఇనుప పొయ్యిని పాతసామాన్లవాడికి తోలి మరీ ఆ చోట దీన్ని కూర్చోబెట్టాడు. ఇనుప సీకులకు మాంసం గుచ్చి చూస్తేగానీ తెలియలేదు. కబాబుకు పొడవాటి పొయ్యి కావాలి. సీకులు అడ్డంగా వరసగా పరచాలి, ఒక చేత్తో విసురుతూ ఇంకో చేత్తో తిప్పాలి. దీని మూతి గుండ్రం. సీకు పట్టదు. పట్టినా పిడి కాలి చెయ్యి బొబ్బలెక్కుతుంది. మూత వేస్తే కబాబు కాలడానికి బదులు ఉడుకుతుంది.

అదైనా సర్దుకునేవాడేమో. మొదటివారంలోనే, కొట్టు కట్టేసే వేళ, తాతల నాటి అలవాటు కొద్దీ చెంబెడు నీళ్ళు నిప్పుల మీద పోశాడు. కబాబులవాళ్ళంతా చేసే పనే అది. మిగిలిన బొగ్గు రేపటికి పనికొస్తుంది. ఠప్పుమంది. లోపలి గిన్నె అంచు నుంచి అడుగు దాకా పగిలింది.

అమ్మిన వెంకటరామారావుకు ఫోన్ చేస్తే, ‘‘నీళ్ళు పోస్తే గ్యారంటీ వర్తించదండీ’’ అన్నాడు, చావు కబురంత చల్లగా.

అప్పటికి పొయ్యి కొన్నందుకు గల్లీ మొత్తానికీ దావతు ఇచ్చి నాలుగు రోజులు కాలేదు. ఏ మొహంతో చెప్తాడు? మింగేశాడు. ఆ తర్వాత ఓసారి కాలనీ ఆఫీసరు ముచ్చటపడితే కోడిని కాల్చబోయాడు. సగం కాలింది, ఒక కాలు ఊడి జల్లెడ అంచు సందులోంచి బూడిదలో పడింది. విసుగెత్తి మూత వేశాడు. మర్నాడే వాన పట్టుకుంది.

గల్లా దగ్గర కూర్చునే మజహర్ ఏమీ అనేవాడు కాదు. గిరాకీవాళ్ళు గుడ్డు పొయ్యి సంగతి అడిగితే మాత్రం, ‘‘పొదుగుతున్నది. ఇంకా పిల్ల కాలే’’ అనేవాడు.

ఆ శనివారం సాయంత్రం కొట్టు కిటకిటలాడుతోంది. వెంకటరామారావు కారు వచ్చి ఆగింది. అందులోంచి ముత్తక్క దిగడం చూసి జావీద్ తెల్లబోయాడు. వెనకే ఆమె కొడుకు చిరంజీవి.

ముత్తక్కది అడవిలో ఊరు. వారానికోసారి ఎడ్లబండిలో అడ్డాకుల కట్టలు తెస్తుంది. ఈ కొట్టులో కబాబు తిన్న ప్రతివాడూ ఆమె ఆకులో తిన్నవాడే. ఊరి మలుపు దగ్గర చిన్న హోటల్లో తల్లీకొడుకులు వెదురు బొంగుల్లో కాల్చిన బొంగు చికెన్ అమ్ముతారు.

‘‘ఇదిగో చిరంజీవీ’’ అన్నాడు వెంకటరామారావు, కొట్టంతా వినిపించేలా. ‘‘నా మాట నమ్మకు. నేను అమ్మేవాణ్ణి, మంచే చెప్తాను. వాడేవాణ్ణి అడుగు.’’

అచ్చం ఈ మాటలే జావీద్‌తోనూ అన్నాడతను. అప్పుడు, అదివరకే ఇలాంటిది కొన్న, పక్క జిల్లా తల్లాడలో దాబా నడిపే బిచ్యా నంబరు ఇచ్చాడు.

‘‘జావీద్ భాయ్, మా హోటల్ ముంగట పెడ్దామనుకుంటున్న’’ అన్నాడు చిరంజీవి. ‘‘భద్రాచలం పోయే కార్లన్నీ మా ముంగటికెల్లే పోతయ్. గిట్లాంటిది కనవడితే ఆగుతరు గదా?’’

‘‘నువ్వాగురా’’ అంది ముత్తక్క. ‘‘తమ్మీ, నాకు గా ముచ్చట్లన్నీ వద్దు. ఒక్కటే అడుగుత. ఇది నీ కాడ లేదనుకో. పైసలు చేతుల ఉన్నయనుకో. మళ్ళా కొంటవా?’’

మజహర్ చేతులు గల్లా మీద ఆగాయి. కాలనీవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు, ‘‘కొనకేం! జిల్లాల ఫస్టు మా జావీద్ భాయ్’’ అన్నాడు. నలుగురు నవ్వారు. ఫ్లెక్సీలోంచి నల్లకళ్ళద్దాల జావీద్ కూడా నవ్వుతున్నాడు.

‘‘కళ్ళు మూసుకొని కొంటనక్కా’’ అన్నాడు జావీద్.

‘‘ఏది, మూత తియ్యి. చూస్త.’’

‘‘లోపల నిప్పుంది. తీస్తే వేడి పోతది.’’

ముత్తక్క అరచేయి దాని ఒంటికి ఆనించింది. ‘‘నిప్పుంటే గింత సల్లగున్నదేంది?’’

‘‘అదేనమ్మా దీని గొప్పతనం!’’ అందుకున్నాడు వెంకటరామారావు. ‘‘లోపల మంట, బయట మంచు.’’

జావీద్ అబద్ధానికి ఈ మనిషి అప్పటికప్పుడు చొక్కా తొడిగాడు.

‘‘విన్నవానే అవ్వా?’’ చిరంజీవి మురిసిపోయాడు. ‘‘ఇగ రేపు సంతల ఎడ్లను అమ్ముడే.’’

‘‘ఏ ఎడ్లు?’’ అన్నాడు జావీద్.

‘‘ఎన్ని జతలున్నయ్ భాయ్ మాకు? బండికి కట్టేటియే. నాట్లయిపోయినయ్ గదా. రావు సారు రేపు మధ్యాహ్నం ఈడికే వస్తడు, అడ్వాన్సు తీస్కోనీకి.’’

కారు వెళ్ళిపోయింది. మజహర్ ఊదు గిన్నెలోకి థూ అని ఉమ్మాడు.

‘‘అబ్బా, గిరాకీవాళ్ళున్నరు. పాన్ బయట ఉమ్మొచ్చు గదా.’’

‘‘పాన్ ఏడిది బేటా? నోట్ల ఏం లేదు.’’

జావీద్ వెనక్కి, డ్రమ్ము దగ్గరికి పోయాడు. చేతులు సీకులు తిప్పుతున్నాయి గానీ కళ్ళ ముందు ఆ ఎడ్లే. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. ఆకులు దించినంతసేపూ కొట్టు ముందు నెమరేస్తూ నిలబడేవి. అతను ఫోన్ తీసి తల్లాడ బిచ్యాకు కొట్టాడు.

‘‘బిచ్యా అన్నా, సచ్ చెప్పు. ఆ గ్రిల్ మళ్ళా కొంటవా?’’

అవతల పగలబడి నవ్వు. ‘‘ఎందుకు తమ్మీ, ఇంకో గూడు కావాల్నా? అందుల మా కోళ్ళు పండుకుంటున్నయ్.’’

‘‘మరి అప్పుడు నాకెందుకట్ల చెప్పినవ్? బంగారమంటివి!’’

‘‘ఏం చెయ్యమంటవ్? నువ్వు ఫోన్ చేసినప్పుడు మా వియ్యంకుడు పక్కనే కూసోని ఉండె. స్పీకర్ల పెట్టిన.’’ బిచ్యా గొంతు తగ్గించాడు. ‘‘ఇంతకూ... నువ్వెవరికి చెప్పినవ్?’’

జావీద్ ఫోన్ పెట్టేశాడు. కబాబులు మాడిపోయాయి.

తెల్లవారి వాన కుండపోత. మోటారుబండి మీద సంతకు చేరేసరికి అతని ఒంటి మీద పొడి నూలుపోగు లేదు. మోకాలి లోతు బురద, పేడ, అరుపులు. వెతగ్గా వెతగ్గా తెల్లెద్దు కొమ్ములు కనిపించాయి. వాటి ముందు చిరంజీవి. ఎదురుగా దళారి. ఇద్దరి చేతులూ ఒక తువ్వాలు కింద ఉన్నాయి. సంతలో బేరం నోటితో ఆడరు, తువ్వాలు చాటున వేళ్ళు పట్టుకుని తేల్చుకుంటారు. చిరంజీవి తలూపబోతున్నాడు.

జావీద్ ఒక్క అంగలో పోయి తువ్వాలు లాగేశాడు.

చుట్టూ జనం గొల్లుమన్నారు. నలుగురిలో పంచె ఊడదీసినట్టే ఆ పని. దళారి చెయ్యెత్తాడు.

‘‘ఎడ్లను అమ్మకు చిరంజీవీ! ఆ పొయ్యి దండగ. ఉత్త దండగ!’’

‘‘ఏంది భాయ్ గిది?’’ చిరంజీవి మొహం ఎర్రబడింది. ‘‘రాత్రికి రాత్రి దండగెట్లయింది? కళ్ళు మూసుకొని కొంటనంటివి?’’

‘‘అబద్ధం చెప్పిన.’’

‘‘ఏది అబద్ధం? నిన్నటిదా, ఇయ్యాలదా?’’

జావీద్ చేతిలోని తువ్వాలును దళారి లాక్కున్నాడు.

‘‘నాకు సమజైంది’’ అన్నాడు చిరంజీవి. ‘‘మేం గూడ పెడితే నువ్వు ఫస్టుగాడివి కావు. గంతే గదా? అడవోళ్ళు బొంగులు కాల్చుకుంటనే ఉండాలె, పింగాణి పొయ్యి నీకే ఉండాలె.’’

‘‘యాపారమంటే గంతే బిడ్డా’’ అన్నాడు దళారి, తువ్వాలు దులుపుకుంటూ.

చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. నిన్నటి అబద్ధం ఎంత బాగా చెప్పాడంటే, ఇవాళ్టి నిజానికి నిలబడే చోటే లేదు. జావీద్ ఎడ్ల పక్కన నిలబడ్డ ముత్తక్క వంక చూశాడు. ఆమె పలుపుతాళ్ళు చేతికి చుట్టుకుంటోంది.

‘‘ఎడ్లు ఏడికీ పోవు. మూత తీసి చూపియ్యి. చూసినంక అమ్మాల్నో వద్దో చెప్త.’’

‘‘సాయంత్రం రాండ్రి అక్కా. కొట్టు కట్టేసినంక చూపిస్త.’’

‘‘అందరి ముంగట కొంటనంటివి. అందరి ముంగటనే చూపియ్యి.’’

ఎడ్లను తెలిసినవాళ్ళకు అప్పజెప్పి తల్లీకొడుకులు ఆటో ఎక్కారు. జావీద్ ముందు బండి మీద. దారంతా అతనికి ఒకటే ఆశ, వానకు గిరాకీ ఉండదని.

ఆదివారం. కొట్టు నిండా జనం. గుడ్డు పొయ్యి పక్క కుర్చీలోనే వెంకటరామారావు కూర్చుని, ఆకు నిండా కబాబులు పెట్టించుకుని తింటున్నాడు. ‘‘రండి రండి! అడ్వాన్సు తెచ్చారా?’’ అన్నాడు నిండు నోటితో.

జావీద్ తండ్రి వైపు చూశాడు. మజహర్ మొదటిసారి కళ్ళు తిప్పుకోలేదు. జావీద్ పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. లోపల కొవ్వు పేరుకుని అంటుకుపోయింది. కాలు స్టాండుకు తన్నిపెట్టి బలంగా ఎత్తాడు.

చర్మం ఊడినట్టు చప్పుడు చేస్తూ మూత లేచింది.

ముందు వాసన వచ్చింది. చచ్చిన ఎలుకా, తడిసిన బూడిదా, మురిగిన నెయ్యీ కలిపి కుండలో మూత పెట్టినట్టు. తర్వాత కనిపించింది. గోడల నిండా తెల్లటి బూజు, పిల్లి బొచ్చంత ఒత్తుగా, మధ్యమధ్య ఆకుపచ్చ మచ్చలతో. జల్లెడ మీద నల్లటి జిగురు. దాని కింద బూడిద బురదలో మునిగిన కోడికాలు. అది కదులుతోంది. కాలు కాదు కదిలేది, దాన్ని కప్పుకున్న పురుగులు. వెలుగు పడగానే బొద్దింకలు అంచు దాటి బిలబిలా బయటికి దూకాయి. ఒకటి వెంకటరామారావు ఆకులోకి పడింది.

అతని నోట్లో ముక్క నేల మీద పడింది. దాని వెనకే తిన్నదంతా వచ్చింది.

ఒక్కొక్కరే లేచారు. కాలనీవాడొకడు, ‘‘ఛీ, ఇన్ని రోజులు మాకు ఇందుల కాల్చి పెట్టినవారా?’’ అని తుపుక్కున ఉమ్మాడు. వెనక డ్రమ్ములో కాల్చానని చెప్పబోయాడు జావీద్. అదీ సిగ్గుమాటే. సగం తిన్న ఆకులు బల్లల మీద మిగిలాయి.

‘‘ఇది వాడకం తప్పండీ’’ అన్నాడు వెంకటరామారావు, మూతి తుడుచుకుంటూ. ‘‘వస్తువు తప్పు కాదు. శుభ్రం చేసుకోకపోతే...’’

‘‘సారూ’’ అంది ముత్తక్క, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. ‘‘లోపల మంట, బయట మంచు అంటివి. ఏది, చెయ్యి పెట్టి నిప్పు చూపియ్యి.’’

అతను కారు వైపు నడిచాడు. చిరంజీవి గోడ పట్టుకుని వాకిట్లో కక్కుతున్నాడు. ముత్తక్క జావీద్ ఎదుటికి వచ్చింది.

‘‘మళ్ళా అడుగుత తమ్మీ. కొంటవా?’’

‘‘ఫుకట్‌గ ఇచ్చినా కొననక్కా.’’

‘‘గీ మాట నిన్న చెప్తే నా ఎడ్లు సంత బురద తొక్కేటివి కావు’’ అంది. కొడుకు వీపు రాస్తూ ఆటో ఎక్కించింది.

ఖాళీ కొట్టులో తండ్రీకొడుకులు మిగిలారు. మజహర్ లేచి, ఫ్లెక్సీ తాళ్ళు ఊడదీసి, దాన్ని ఆ వాంతి మీద పరిచాడు.

‘‘ఎనకున్న డ్రమ్ము ముంగటికి తే’’ అన్నాడు. ‘‘జల్దీ.’’

నాలుగు రోజులు గిరాకీ లేదు. దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుని నవ్వుకుంటూ పోయారు. జావీద్ ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా అన్నం ముద్ద మూతి దగ్గరికి తెచ్చేసరికి చేతుల్లోంచి అదే వాసన. ముత్తక్క వచ్చే రోజు దగ్గరపడుతుంటే ఒకటే గుబులు. ఆకులకు ఇంకో కొట్టు చూసుకుందేమో.

ఆ పొద్దున డ్రమ్ములో బొగ్గులు రాజేస్తుంటే గజ్జెలు వినిపించాయి. బండి ఆగింది. ముత్తక్క దిగి, పలకరించకుండానే అడ్డాకుల కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పడేసింది. వారంవారం తెచ్చేదాంట్లో సగం కూడా లేదు.

‘‘తినేటోళ్ళు రానీ, మిగిలినయి అప్పుడు తెస్త’’ అంది.

గుడ్డు పొయ్యి మోరీ కాలవ పక్కన దొర్లి ఉంది. పాతసామాన్లవాడు కూడా ముట్టలేదు. తెల్లెద్దు మెడ చాచి, దాని మూతి దగ్గర ముట్టె పెట్టి ఒకసారి వాసన చూసింది. బుస్సుమని మొహం తిప్పుకుంది.